నాలుగో అడవి

"ఇక నడిచింది చాలమ్మా. బస్సెక్కుదాం," అన్నాడు కొడుకు, బస్టాపు రేకు కింద ఆగిపోయి.

తల్లి విననట్టే రోడ్డు అవతలికి చూసింది. అక్కడ ఒక గుంజ మీద పసుపు రంగు బాణం గుర్తు ఉంది. మూడో అడవి ఇక్కడితో అయిపోయింది. నాలుగోది ఆ బాణం దగ్గర మొదలవుతుంది. నగరం మధ్య మిగిలిపోయిన నాలుగు చిట్టడవులను ఒకే కాలిబాటతో కలిపారు. ఒక్కోదాని చివర ఒక్కో బస్టాపు. కాళ్లు మొరాయించిన వాళ్లు ఎక్కడికక్కడ బస్సెక్కి వెళ్లిపోవచ్చు.

"నాలుగు గంటలు దాటింది," అన్నాడు కొడుకు మళ్లీ. "ఐదింటికల్లా గేటు దగ్గరుండాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా మళ్లీ సెలవివ్వరు. తెలుసుగా?"

"తెలుసురా. ఈ ఒక్కటే కదా మిగిలింది. దారి తిన్నగా ఆ గేటు దగ్గరికే పోతుందని నువ్వే చెప్పావు."

"చెప్పాను. నోరు ఊరుకోక చెప్పాను."

"రోజూ డిపోలో బస్సుల కింద దూరి పడుకుంటావు. ఒక్కపూట చెట్ల కింద నడిస్తే అరిగిపోతావా?"

అతనికి నవ్వు రాలేదు. ఈ మూడు రోజులు ఇంట్లో ఉండడం కోసం అంతకు ముందు వారమంతా రెండేసి షిఫ్టులు చేశాడు. కళ్లు మండుతున్నాయి. సంచి భుజాన్ని కోస్తోంది.

బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు అతన్ని గుర్తుపట్టి, "ఎక్కుతున్నావా గురూ?" అని కేకేశాడు. కొడుకు వెనక్కి తిరిగి చూస్తే తల్లి అప్పటికే రోడ్డు దాటేసింది. పొమ్మన్నట్టు చెయ్యి ఊపి, ఉసూరుమంటూ ఆమె వెనక నడిచాడు. మళ్లీ బస్సు అరగంటకు గానీ లేదు.

లోపల ఎండుటాకులు మోకాలి కింద దాకా పేరుకుని ఉన్నాయి. తల్లి రొప్పుతూ నడుస్తోంది. దారి పక్క కనిపించిన చెట్టునల్లా ఒకసారి తాకుతోంది, చంటిపిల్లల తలలు నిమిరినట్టు.

"ఎన్నాళ్లయిందిరా ఇలా తిన్నగా ఇంత దూరం నడిచి," అంది. కాసేపాగి, "సంచిలో సబ్బులు పెట్టావా?"

"పెట్టాను."

"తలనూనె?"

"అదీ పెట్టాను. పొద్దుటి నుంచి పదిసార్లు అడిగావు."

"చెల్లితో పోట్లాట పెట్టుకోకు. అది ఒకటంటే నువ్వు రెండనకు."

"అలాగే."

"వేళకి తిను. కోపమొస్తే బయటికొచ్చి నాలుగడుగులు నడువు. కోపం పోయేది క్షణంలోనేరా. అది చేసి పోయిన పనే ఎటూ పోదు."

"అలాగేనమ్మా."

"అన్నిటికీ అలాగే అంటావు. చెవిన వేసుకుంటున్నావా, గాలికొదిలేస్తున్నావా?"

అతను సంచిని రెండో భుజానికి మార్చుకున్నాడు. కొంత దూరం పోయాక ఉన్నట్టుండి, "ఆ రోజు నేను కాస్త ముందొచ్చి ఉంటే..." అన్నాడు.

"నడవరా," అంది తల్లి. గొంతు గట్టిగానే ఉంది. కానీ ఆ తర్వాత చాలాసేపు ఆమె ఏ చెట్టునూ తాకలేదు.

ఎదురుగా చేతికర్ర పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. ఇద్దరినీ చూసి హుషారుగా ఆగింది.

"నాలుగూ నడుస్తున్నారా? శభాష్! రెండు వారాలాగి మళ్లీ రండి. ఈ వరసంతా ఎర్రగా పూస్తుంది. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు."

తల్లి తలెత్తి, ఇంకా మొగ్గయినా వేయని కొమ్మల వంక చూసింది. "నా వంతు కూడా మీరే చూసేయండమ్మా," అంది.

పెద్దావిడ నవ్వుకుంటూ వెళ్లిపోయింది. తల్లి మాత్రం నాలుగడుగులు వేసి ఒక మొద్దు మీద కూలబడింది.

"అయ్యో, కూర్చోకమ్మా! ఇరవై నిమిషాలే ఉంది. లే."

"కాళ్లు రావట్లేదురా."

"అందుకే బస్సన్నాను. నా మాట ఎప్పుడు విన్నావు గనక? నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదురా." ఆమె చెప్పుల వంక చూసుకుంది. "రావట్లేదు. అంతే."

కసరబోయిన వాడల్లా ఆగిపోయాడు. గడియారం ఉన్న చేతిని జేబులో పెట్టుకుని ఆమె పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు. పైన ఎక్కడో పిట్ట ఒకటి అరిచి ఊరుకుంది. కాసేపటికి అతను లేచి చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని లేచింది. మిగిలిన దారంతా ఆ చెయ్యి వదలకుండానే, దాదాపు పరుగులాంటి నడక.

చెట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎదురుగా ఎత్తయిన గోడ, ఇనుప గేటు, ఆ గేటులో వంగితే తప్ప మనిషి పట్టని చిన్న తలుపు. తలుపు తెరిచి పట్టుకుని కాపలావాడు గడియారం చూసుకుంటున్నాడు.

"ఐదుకు మూడు నిమిషాలు! ఇంకాస్త ఉంటే పైవాళ్లకి కబురు పెట్టేవాణ్ణి. కానివ్వండి, కానివ్వండి."

తల్లి కొడుకు కాలరు సర్దింది. చొక్కాకి అంటుకున్న ఎండుటాకు తీసి పారేసింది.

కొడుకు సంచిని గుండెకు అదుముకుని, తల వంచి, ఆ తలుపులో ఒక కాలు పెట్టాడు.

కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వెక్కడికి బాబూ? శిక్ష పడింది మీ అమ్మకి."