డ్రిల్లు సారు విజిల్

విజిల్ మోగింది. సుందరం కుడిచెయ్యి ముందుకు పోయింది.

“మల్లా అదే బావా,” అన్నాడు ప్రభుదాస్.

ప్రొద్దుటూరులో ప్రభుదాస్ ఇంటి వరండా. సుందరం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్ల మధ్య చీపురు కర్ర. ఎడమ చేతి కింద సైకిల్ పంపు. పాదాల కింద రెండు హవాయి చెప్పులు. అదే హెలికాప్టర్. చూసినవాళ్లకు నవ్వు రావాలి గానీ, ఆ ఇంట్లో ఏప్రిల్ నుంచి ఎవరూ నవ్వడం లేదు.

సుందరం పదిహేనేళ్లుగా విమానం పైలట్. సోమవారం హెలికాప్టర్ శిక్షణకు పోతున్నాడు. ‘అంత పెద్ద ఇమానం వదిలి గాలిపంకా ఎక్కుతాడంట’ అని వీధిలో వేళాకోళం చేసినవాళ్లు, కారణం తెలిశాక నోరు మూసుకున్నారు.

కారణం అతని చెల్లెలు తబితా. ప్రభుదాస్ భార్య. ఎనిమిదేళ్లు హెలికాప్టర్ నడిపింది. పులివెందులలో ఎవరిదో పెళ్లికి పైనుంచి పూలు చల్లి తిరిగొస్తుంటే, జమ్మలమడుగు అవతల కోసిన జొన్నచేలో కూలి చనిపోయింది.

సుందరం ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. ధైర్యం గల మనిషి అన్నారు చుట్టాలు. ధైర్యమూ కాదు, పాడూ కాదు. అతనికి ఏమీ తెలియడం లేదు, అంతే. తింటే తిన్నట్టు లేదు, పడుకుంటే పడుకున్నట్టు లేదు. కూలిన హెలికాప్టర్‌లోంచి అతన్ని బయటికి లాగిన రోజు నుంచి కుడిచేతి వేళ్లు కూడా మొద్దుబారే ఉన్నాయి. నరాలు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు.

విచారణ రిపోర్టు పదకొండు పేజీలు. చివరి పేజీ ప్రభుదాస్‌కు కంఠతా వచ్చు. దిగుతుండగా హారన్ మోగింది. కర్ర ముందుకు తోసి ఉంది. ముక్కు నేలకు గుద్దుకుంది. కాబట్టి తప్పు పైలట్‌ది.

“బళ్లో పిల్లోళ్లు గూడా అడుగుతాండారు బావా. మేడమ్‌దే తప్పంట గదా సార్ అని. పదిమందికి నేర్పిన మనిషి అది. ఆ మాట పోవల్ల. నాకు ఇంగేమీ వద్దు.”

“నేర్చుకోని వచ్చినాక ఆ రిపోర్టు రాసినోళ్లకు నేనే పోయి చెప్తా ప్రభూ,” అన్నాడు సుందరం.

ప్రభుదాస్ జమ్మలమడుగులో డ్రిల్లు మాస్టారు. విజిల్ ఊదుతానని తనే అడిగాడు. ముందు ఆ యంత్రం సంగతి తనకు చెప్పమన్నాడు.

సుందరం పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. తబితా హెలికాప్టర్‌లో ముందు రెండు సీట్లు, రెండు కర్రలు. నేర్పేవాళ్లకొకటి, నేర్చుకునేవాళ్లకొకటి. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. విమానంలో హారన్ మోగితే రెక్కలకు గాలి చాలడం లేదని. వెంటనే ముక్కు దించాలి, కర్ర ముందుకు తోయాలి. హెలికాప్టర్‌లోనూ అలాంటి హారనే మోగుతుంది. అక్కడ మాత్రం ఎడమ చేతి పిడి కిందికి దించి, కుడిచెయ్యి కాస్త వెనక్కి తీయాలి. నేల దగ్గర ముందుకు తోస్తే ఇక అంతే సంగతులు.

“ఇమానం పైలట్లందరికీ ఇదేనా కష్టం?”

“అందరికీ.”

ప్రభుదాస్ తలూపి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

మొదటి రోజు ముప్పై సార్లు ఊదాడు. ముప్పై సార్లూ చీపురు కర్ర ముందుకే పోయింది.

“ఏంది బావా, తెలిసి తెలిసి తోస్తాండావు?”

“నేనేం తొయ్యడంల్యా ప్రభూ. అదే పోతాంది.”

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. సుందరానిది పుట్టుకతో వచ్చింది కాదు, పదిహేనేళ్ల జీతంతో వచ్చింది. అయినా అంత త్వరగా పోలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి కర్ర కదలకుండా నిలిచింది. సాయంత్రానికి వెనక్కి రావడం మొదలైంది.

మూడో రోజు నలభై విజిళ్లు. నలభై సార్లూ పంపు పిడి కిందికి దిగింది, కర్ర వెనక్కి వచ్చింది. ఒక్కటీ తప్పలేదు.

“చాలు బావా, లెయ్యి. నేర్చినావు,” అన్నాడు ప్రభుదాస్. చీపురు కర్ర తీసి మూలన పెట్టాడు. లోపలికి పోయి బొరుగుల ఉగ్గాని, టీ తెచ్చాడు. సుందరం ప్లేటు ఒళ్లో పెట్టుకున్నాడు. నాలుగు ముద్దలు తిని టీ గ్లాసు అందుకున్నాడు. ఇంకాస్త ఎర్రకారం తెస్తానని ప్రభుదాస్ మళ్లీ లోపలికి పోయాడు.

వెనక నుంచి విజిల్ మోగింది.

సుందరం కుడిచెయ్యి ముందుకు దూసుకుపోయింది. గ్లాసు ఎగిరి గోడకు కొట్టుకుంది. వేడి టీ వేళ్ల మీద ఒలికింది. సుందరానికి మంట తెలియలేదు. చాచిన చేతిని చాచినట్టే ఉంచి దానివైపు చూస్తూ ఉండిపోయాడు.

ప్రభుదాస్ గడప దాటి వచ్చాడు. అతని చేతిలో ఎర్రకారం లేదు.

“బళ్లో గూడా ఇంతే బావా. గీత మీద నిలబెట్టి ఊదితే ఎవడైనా బాగా చేస్తాడు. అన్నం తినేటప్పుడు ఊదల్ల. ఒంట్లో ఏముండాదో అప్పుడే తెలుస్తాది.”

విజిల్ తుడిచి జేబులో పెట్టుకున్నాడు. తువ్వాలు తెచ్చి సుందరం ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆ కుడిచేతిని తన ఒళ్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే తుడిచాడు. అతని గొంతులో కోపం లేదు.

“ఆ పొద్దు హెలికాప్టర్‌లో తబితా పక్క సీట్లో కూచున్నెప్పుడు, ఈ చెయ్యి యాడుండె బావా?”