అరవని కోడిపిల్లలు

పెద్ద వరద వచ్చిన ఏడాది. ఆ వరదలోనే వడ్రంగి భార్య కొట్టుకుపోయింది. ఆ చలికాలం ఆయన తల్లిలేని కోడిపిల్లలను పెరట్లో గంప కింద పెంచాడు.

ఒక రాత్రి గంప పక్కన కుంపటి ఆరిపోయింది. చలేస్తే కోడిపిల్లలు ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాయి. ఆ రాత్రి మాత్రం కిక్కురుమనలేదు.

"బిగుసుకుపోయాయేమో మామయ్యా, చూడండి," అంది కోడలు కిటికీలోంచి.

ఆయన లాంతరు పట్టుకుని గంప ఎత్తాడు. అన్నీ బతికే ఉన్నాయి. తల్లి రెక్కల కింద దూరినట్టు, నడుమ కాస్త ఖాళీ వదిలి, దాని చుట్టూ ఒదిగి నిద్రపోతున్నాయి. ఆ ఖాళీలో చెయ్యి పెట్టాడు. ఒంటి వేడి తగిలింది.

"వీటి దగ్గరికైతే వచ్చావు. నేనేం పాపం చేశానే?" అన్నాడు మెల్లగా.

"ఎవరితో మామయ్యా?"

ఆయన చెయ్యి తియ్యలేదు.

తెల్లారగానే తన మంచం మోసుకొచ్చి గంప పక్కన వేసుకున్నాడు.