ఏటవతలి నకలు

ఆ ఉదయం మబ్బు ఉరిమిందే గానీ చినుకు రాల్చలేదు. పోతూ పోతూ దాలినాయుడు చూసుకునే సర్వరు గది మీద పిడుగు వదిలింది. సర్వరు మాడిపోయింది. ఊరి కాలువ తలుపులన్నీ దాని మాటే వింటాయి. చేత్తో తిప్పే చక్రాలు తాతల నాడే పోయాయి. వరి పొట్ట మీదుంది, ఇప్పుడు నీళ్లందకపోతే పంట పోయినట్టే.

సర్వరుకి నకలు ఒకటి ఏటి అవతల ఉంచాలన్నది ఊరి కట్టుబాటు. అవతలున్నది బావమరిది సన్యాసప్ప ఇల్లొక్కటే. పదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. వాడు దాన్ని ఎప్పుడో మూలన పడేసి ఉంటాడనుకుంటూనే దాలినాయుడు ఏరు దాటాడు.

సన్యాసప్ప గుమ్మంలోనే ఉన్నాడు. "పిడుగు సూసినాను బావా."

"నకలు బతికుందేటిరా?"

"పెతి అమాసకీ నడిపి సూస్తన్నాను. కోపం నీ మీద గానీ నీళ్ల మీదేటి?" అంటూ మీట నొక్కాడు.

ఏటికి అటువైపు, ఊరి కాలువ తలుపులు ఒక్కొక్కటే లేచాయి. దాలినాయుడు అరుగు మీద కూలబడి ఊపిరి వదిలాడు.

సన్యాసప్ప ఇంకో కంచం తెచ్చాడు. చద్దన్నం, ఉల్లిపాయ. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని తిన్నారు.