గోడవైపు తిరిగిన నాయనమ్మలు

చర్చి గదిని చూసుకునే జకోబా, టీ కప్పుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

గోడకున్న ఆరు బొమ్మలూ వెనక్కి తిరిగి ఉన్నాయి.

దక్షిణాఫ్రికాలో మందలు కాసుకు బతికిన ఖోయ్‌ఖోయ్ తెగ ఆడవాళ్ల బొమ్మలవి, రెండు వందల ఏళ్లనాటివి. రాగిరేకు మీద చెక్కి అచ్చుతీసి, ఆపైన చేత్తో రంగులద్దినవి. ఒకామె ఆవు పాలు పితుకుతుంటుంది, ఇంకొకామె చాపల గుడిసె కడుతుంటుంది. ఆ తెగ సంతానమే అయిన ఊరంతా వాళ్లని నాయనమ్మలనే పిలుస్తుంది.

ఏడాదికొకటి చొప్పున కేప్‌టౌన్ నుంచి చర్చికి పోస్టులో వచ్చాయి. పంపినవారి పేరు లేదు. ఎవరో దొరగారే అయ్యుంటారని, ఏదో ఒకరోజు కారు దిగుతారని జకోబా నమ్మకం. మొగుడు పోయాక ఆమెకి ఎదురుచూడటానికి మిగిలింది అదొక్కటే.

దొర రాలేదు గానీ, వారం రోజులుగా ఒక ముసలాయన వచ్చి బొమ్మల ముందు కూర్చుంటున్నాడు.

"ఎవరి బిడ్డవి?" అని మొదటిరోజే అడిగింది. ఆ ఊళ్లో కొత్త మనిషిని అడిగే మొదటి మాట అదే.

"తెలీదక్కా. అనాథాశ్రమంలో పెరిగాను."

అనుమానపడుతూనే రోజూ టీ ఇచ్చింది. ఆ గదికి వచ్చేదే అతనొక్కడు మరి.

ఇవాళ కప్పు బల్ల మీద కొట్టినట్టు పెట్టింది.

"ఏం పనయ్యా ఇది? మా నాయనమ్మల్ని బడిపిల్లల్లా గోడకి తిప్పి నిలబెడతావా? ఏం తప్పు చేశారని?"

"ఎండ అక్కా... మధ్యాహ్నం నుంచీ ఆ కిటికీలోంచి..."

"ఎండా! ఈ ఎండలో పుట్టి, ఈ ఎండలోనే మందలు కాసినోళ్లు. వాళ్లకి నువ్వు గొడుగు పడతావా?"

"అది కాదక్కా, రంగు..."

"దొరగారు ఇప్పుడొచ్చి చూస్తే నా మొహాన ఉమ్మేస్తారు. లే. ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకు."

అతను లేచి మెల్లగా వెళ్లిపోయాడు. జకోబా బొమ్మలన్నిటినీ మళ్లీ ఇటు తిప్పేసరికి టీ చల్లారిపోయింది.

ఆ వేసవిలో నాయనమ్మల బుగ్గల మీది ఎరుపు ముందు పోయింది. తర్వాత ఆవు ఒంటి గోధుమరంగు. దుమ్మేమోనని జకోబా అద్దాలు తుడిచి చూసింది. అప్పటికిగానీ కిటికీ వంక చూడలేదు.

తెర లాగి, చీకట్లో కూర్చుని ఏడ్చింది. అతను మళ్లీ వస్తే చేతులు పట్టుకుని క్షమించమందామనుకుంది. పేరైనా అడిగి ఉంచుకోలేదు.

ఈస్టర్ ముందు గుమ్మంలో కారు ఆగింది. ఒకమ్మాయి బట్టలో చుట్టిన బొమ్మతో దిగింది.

జకోబా పరుగున వెళ్లింది. "దొరగారు పంపారా?"

"దొరెవరు పెద్దమ్మా? మా పక్కింటి తాత. బొమ్మలకి చట్రాలు కట్టేవాడు. పెళ్లీ పెటాకులూ లేవు, దాచుకున్నదంతా వీటికే పోశాడు. వాళ్లమ్మ ఈ వైపు మనిషని ఎవరో చెప్పారంట, ఆ మాట పట్టుకుని ఇక్కడికే పంపేవాడు. ఇది ఏడోది. పోయేముందు మీకు చేర్చమన్నాడు."

అంత్యక్రియల రోజు పంచిన కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

దాని మీది ఫొటోలో ఉన్నది జకోబా గుమ్మం తొక్కవద్దన్న మనిషి.