పై అంతస్తు నీడ

"సుత్తి దించు! ఈ మెట్టు దాటాలంటే ముందు నా నడుం విరగ్గొట్టి, ఆ తర్వాత గోడ పగలగొట్టుకోండి!"

కూల్చడానికి కూలీని వెంటబెట్టుకొచ్చిన మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టర్‌కి అడ్డంగా, పక్కింటి రిదా పై అంతస్తు మెట్ల మీద బేయా చతికిలబడింది. అరవై రెండేళ్ల మనిషి. ఇప్పట్లో లేచేది లేదన్నట్టు సంచిలోంచి రొట్టె, ఆలివ్ కాయలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

రిదా తెల్లబోయాడు. "పిన్నీ, పదహారేళ్లుగా ఈ గదుల్ని తిట్టని రోజు లేదు. ఇవాళ కాపలా కాస్తున్నావా?"

"నీ గదులకి కాదురా, నా మొక్కలకి!"

నిజమే. రిదా పై అంతస్తు కట్టిన ఏడాదే బేయా లోగిట్లో వెలుగు తరిగింది. గులాబీలు వరసపెట్టి చచ్చిపోయాయి. ఆమె మూడు రోజులు ఏడ్చింది. "వెళ్లి అడగవయ్యా" అంటే భర్త తయ్యబ్ "పోనీలే బేయా" అన్నాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేని మనిషి. వారం తిరిగాక నూనె డబ్బాలో ఒక ఫెర్న్ మొక్క పట్టుకొచ్చాడు.

"ఇది నీడలో బతుకుతుందట."

బతికింది. నీళ్లతొట్టి చుట్టూ పరుచుకుంది. గోడ వారన నాటిన, నీడలోనే పూసే క్లివియాలు ఐదేళ్లు ఊరించి నారింజరంగు గుత్తులు పూశాయి, ఆపైన ఏటా పూస్తూనే ఉన్నాయి. తయ్యబ్ పోయి ఆరేళ్లయినా, బేయా రోజూ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తుంది. ఆనాడు నీడ పడి గులాబీలు వాడిపోయాయి. ఈనాడు నీడ పోతే ఇవి మాడిపోతాయి. ట్యూనీషియా జులై ఎండకి ఒక్క మధ్యాహ్నం చాలు.

"అక్రమ కట్టడమమ్మా," ఇన్‌స్పెక్టర్ చెమట తుడుచుకున్నాడు. "నిబంధన ప్రకారం..."

"ఆ కూలీ చేతిలో సుత్తి చాలు, నీ నోటి సుత్తి వద్దు. ఎవరు చెప్పారు నీకు?"

"ఫిర్యాదు వచ్చింది. కట్టిన ఏడాదే. మా ఫైలు కాస్త నిదానంగా నడిచింది."

"నడిచిందా! పాకింది."

రిదా ఓరగా చూశాడు. "పిన్నీ, కొంపదీసి నువ్వే..."

"నేనైతే నీ గుమ్మంలో నిలబడి, వీధంతా వినేలా చదివి మరీ ఇచ్చేదాన్ని! చాటుగా రాసే బుద్ధి నాది కాదు." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఆపే దారి లేదా?"

"రాసినవాళ్లే వచ్చి వెనక్కి తీసుకుంటే ఆపొచ్చు."

"అంతేనా? వాడెక్కడ దాక్కున్నా చెవి పట్టుకుని లాక్కొస్తా. పేరు చెప్పు."

"చెప్పకూడదమ్మా."

"అయితే నేనూ లేవను."

గంట గడిచింది. రొట్టె అయిపోయింది, ఆలివ్‌లు అయిపోయాయి, చివరికి ఇన్‌స్పెక్టర్ ఓపికా అయిపోయింది. ఫైలు విప్పి, పసుపు రంగు తిరిగిన ఆ ఫిర్యాదు కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

బేయా కళ్లజోడు సర్దుకుంది. వేలితో వరసలు వెంబడిస్తూ కాగితం అడుగుదాకా వెళ్లింది.

అక్కడ తయ్యబ్ సంతకం ఉంది.