మూడో కేబిన్ అంకె

“సార్, ఆ ఫొటోలు ఇప్పుడు పంపకండి.”

చెక్క అడ్డు అవతల నుంచి వచ్చిన ఆ మాటకి జయరావు మాస్టారు మౌస్ మీంచి చెయ్యి తీసేశారు.

అది రెండు వేల నాలుగు, దర్శిలో నెట్ సెంటర్. మాస్టారి ఊళ్ళో పత్తి ఏపుగా పెరిగి, ఒక్క కాయా కాయలేదు. నకిలీ గింజలు అమ్మిన కొట్టు మీద ఆయన తన పేరు పెట్టకుండా, కాయ లేని చేల ఫొటోలు జతచేసి వ్యవసాయ శాఖకి ఫిర్యాదు పంపుతున్నారు. మొదటి ఉత్తరం ఇక్కడి నుంచే వెళ్ళిందని కొట్టుకి ఎవరో చేరవేశారు. పంపిందెవరో తెలిస్తే కాళ్ళు విరగ్గొడతారు.

ఆయన తన మూడో కేబిన్లోంచి లేచి పక్క కేబిన్లోకి తొంగిచూశారు. ఎవరో కొత్త మనిషి, పాతికేళ్ళుంటాయి.

“నా తెర చూశావా?”

“లేదండి. ఇక్కడ అన్ని కేబిన్లనీ నడిపేది ఒకటే కంప్యూటర్. ఎవరెంత మెమరీ వాడుతున్నారో అందరికీ కనపడుద్ది. మీ అంకె ఒక్కసారే పైకి లేచింది. ఉత్తరానికి అంత లేవదు, ఫొటోలే అయ్యుండాలి. కాసేపట్లో కొట్టు మనుషులొచ్చి చూసేది ఆ అంకెనే.”

“వాళ్ళ సంగతి నీకెట్లా తెలుసు?”

అతను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

“పది నిమిషాలాగండి. ఎవరి అంకె వాళ్ళకే కనపడేట్టు మారుస్తాను.”

మాస్టారికి ఇక అనుమానం లేదు. వీడు కొట్టు మనిషే.

“మీరా హుస్సేన్! వీడెవడో నా మిషన్లో వేలు పెడుతున్నాడయ్యా!”

సెంటర్ యజమాని వచ్చి చొక్కా పట్టుకున్నాడు. “ఏరా, మాస్టారి జోలికొస్తావా? నడవరా బయటికి!”

మాస్టారు గబగబా మిగతా ఫొటోలు ఎక్కించడం మొదలుపెట్టారు. అవి నత్తనడకన కదులుతున్నాయి. ఆయన కాళ్ళు ఊపారు, గోళ్ళు కొరికారు, కరెంటు పోకూడదని ప్రభువుని వేడుకున్నారు.

బయట మోటార్ సైకిల్ ఆగింది. ఇద్దరు మనుషులు వచ్చి కౌంటర్ తెర మీదికి వంగారు.

“మూడో దాంట్లో ఫొటోలెక్కుతున్నాయ్. ఎవడ్రా అది?”

మాస్టారు చెక్క అడ్డు వెనక ఒదిగి కూర్చున్నారు.

“నేనే.” గెంటించుకున్న మనిషి మళ్ళీ లోపలికొచ్చాడు. “అవి ఎక్కేలోపు టీ తాగొద్దామని వెళ్ళా.”

మీరా హుస్సేన్ నోరు తెరిచి, మూసేశాడు.

ఉత్తరం వెళ్ళిందని తెర మీద పడింది. లేచి నిజం చెప్పాలనే ఉంది మాస్టారికి. అయినా కుర్చీ వదల్లేదు. సిగ్గుతో చచ్చిపోయారు.

కొట్టడానికి ఎత్తిన చెయ్యి అతని మొహం చూడగానే దించేసి, ఆ ఇద్దరిలో పెద్దవాడు గొంతు తగ్గించి అడిగాడు:

“మీ నాన్నగారి కొట్టు మీద మీరే ఫిర్యాదు పెట్టారా, చిన్నబాబూ?”