గొంతు దాటిన గుక్క

“ఎంత మింగినవు?”

“మింగలే మేడం. పైపు నోట్ల పెట్టి గుంజిన. డీజిల్ ఒక్కసారే ఎగదన్నింది. ఊపిరి పీల్చేసరికి లోపలికి పోయింది,” అని చెప్పి మంగ్యా మళ్లీ దగ్గాడు. దగ్గినప్పుడల్లా మంచం చుట్టూ డీజిల్ వాసన గుప్పుమంది.

మహబూబాబాద్ దవాఖానలో డాక్టర్ శ్రీలత ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసింది. కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చలు.

“వాంతి అయిందా?”

“నేనే చేయించిన మేడం. ఉప్పునీళ్లు తాపిన,” అంది అతని భార్య గంగి, మంచిపని చేసినట్టు.

“అదే తప్పు. కక్కేటప్పుడు ఇంకింత ఊపిరితిత్తులకు పోతది. ఎన్నడూ గట్ల చెయ్యకండి. ఇంతకీ డీజిల్ ఎందుకు తీసినవు?”

“నా ట్రాక్టరే మేడం. ట్యాంకు కడుగుదామని...”

గంగి తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసింది.

అసలు సంగతి వాళ్లిద్దరికే తెలుసు. ఆ తెల్లవారుజామున మక్కల లోడుతో కేసముద్రం మార్కెట్‌కు బయలుదేరబోతే మంగ్యా ట్రాక్టర్ కదల్లేదు. ట్యాంకు ఖాళీ. బంకు చాలా దూరం. పైన మబ్బు కమ్ముకొస్తోంది, తడిస్తే మక్కలు కొనేవాడుండడు. పక్కింటి హరిలాల్ ట్రాక్టర్ ఎదురుగానే ఉంది. అడిగితే ఇచ్చేవాడే. కానీ కాలువ నీళ్ల దగ్గర గొడవై ఇద్దరికీ మూడు నెలలుగా మాటల్లేవు.

ఆ సాయంత్రం హరిలాలే దవాఖానకు వచ్చాడు, చేతిలో రెండు కొబ్బరిబోండాలతో. ముక్కుకు ఆక్సిజన్ ఉన్నా మంగ్యాకు ఊపిరి ఆగినంత పనైంది.

“ఎట్లున్నది?”

“మంచిగనే ఉన్నదన్నా.”

హరిలాల్ డీజిల్ మాట ఎత్తలేదు. వరండాలో డాక్టరమ్మను ఆపి, “ప్రాణానికైతే ఏం గాదు గద మేడం?” అని నాలుగుసార్లు అడిగాడు.

మరునాడూ వచ్చాడు. ఆ మరునాడూ వచ్చాడు. మంగ్యాకు జ్వరం నూటమూడు దాటిన రోజు అసలు ఇంటికే పోలేదు, బెంచీ మీదే కూర్చున్నాడు.

“ఎరుకైనట్టుంది. నా నోటితోనే చెప్పించాలని కూసుంటుండు,” అన్నాడు మంగ్యా, మాస్కు పక్కకు జరిపి.

“మరి చెప్పేయరాదూ!” అంది గంగి. “ఆయన తెచ్చిన బోండాలు నీకు గొంతు దిగుతున్నయా?”

“బోండాలు దిగుతున్నయే. ఆయనను చూస్తేనే ఊపిరాడుతలేదు.”

పదోరోజు డాక్టర్ ఇంటికి పొమ్మంది. “మళ్ల పైపు నోట్ల పెడితే ఈసారి బతుకుడు కష్టం. బీడీలు గూడ బంద్.”

హరిలాల్ ఆటో మాట్లాడి తెచ్చాడు. ఒక కాలు ఆటోలో పెట్టిన మంగ్యా, ఆ కాలు కిందికి దించి హరిలాల్ చేయి పట్టుకున్నాడు.

“అన్నా, ఇంక నాతోని గాదు. ఆ డీజిల్ నాది గాదు. నీ బండిలకెల్లి దొంగతనంగ తీసిన. కొడితే కొట్టు.”

హరిలాల్ కొట్టలేదు. గంగి వైపు ఒకసారి, ఆటో డ్రైవర్ వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“అది నీ డీజిలే మంగ్యా, ముందురోజు నేనే గుంజిన.”